పది అయిందా, పాసయిందా: ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా

ఈ సర్వే పని సంగతి నాకు మొదట చెప్పింది మా పక్కింటి సత్తెమ్మక్క. "ఇంటింటికి పోయి ఎవరెంత చదివిన్రో రాసుడట. పది పాసైనోళ్లు కావాల్నట. నువ్వు పోరాదు" అన్నది. బడి గడప తొక్కకుండా, ఇంట్లోనే మా నాయన దగ్గర చదువుకొని ప్రైవేటుగా పది రాసి పాసైనదాన్ని. ఆ చదువు ఒకరికి పనికొస్తుందంటే చాలనిపించింది. దేవునికి దండం పెట్టుకున్నాను.

ఉదయం ఆరున్నరకు చౌటుప్పల్‌లో బస్సెక్కాను. పక్క సీట్లో ఆకుకూరల మూటతో ఒక పెద్దమ్మ. నా ఫారాలు చూసి, "నన్ను గూడ రాసుకో బిడ్డా. రెండో క్లాసు. పలక పలిగింది, చదువు ఒడిసింది" అని నవ్వింది.

ఎనిమిదికి ఎల్బీనగర్‌లో కండక్టర్ అందరినీ దింపేశాడు. "ముందటికి పోదమ్మా, బంద్." తెలంగాణ కోసం బంద్‌లు అలవాటైన రోజులవి. కొత్తపేట మీదుగా నడిచాను. చైతన్యపురి దగ్గర హాస్టల్ పిల్లలు రోడ్డు మీద కూర్చొని నినాదాలు చేస్తున్నారు. ఒక అమ్మాయి జరిగి దారిచ్చి, "మెల్లగ పో అక్కా" అంటూ మజ్జిగ ప్యాకెట్ చేతిలో పెట్టింది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లో నాకిచ్చిన మొదటి ఇల్లు మూడో అంతస్తులో. బట్టలు నేసే ఊరి నుంచి వచ్చిన కుటుంబం. అత్త, కోడలు రేణుక ఉన్నారు. శిక్షణలో మాకు గట్టిగా చెప్పారు: 'పది అయిందా' అని అడగొద్దు, 'పాసయ్యారా' అని అడగండి. మనవైపు పరీక్ష పోయినా 'అయింది' అనే అంటారు, పాసైనా 'అయింది' అనే అంటారు. నేను అదే మరిచాను.

"పది అయిందామ్మా?"

"అయిందక్కా."

నాలుక కరుచుకొని, "పాసేనా?" అన్నాను.

అత్త నవ్వింది. "పాస్ గాకుంటే మేం చేసుకుందుమా? మా ఇంట్ల చదువుకున్నది గిదొక్కతే!"

రేణుక తలూపింది. పాస్ అని రాసుకొని లేచాను.

మెట్లు దిగుతుంటే వెనకాలే వచ్చింది. "పెన్ను మర్చినవక్కా." ఆ పెన్ను నాది కాదు.

"లెక్కల్ల పోయిందక్కా. పెండ్లప్పుడు మా అమ్మోళ్లు పాస్ అనే చెప్పిన్రు. తెలిస్తే ఇంట్ల నన్ను ఎట్ల చూస్తరో. గానీ నీ కాగితంల అబద్ధమెందుకని..."

మెట్ల మీదే కూర్చొని కొట్టేసి రాశాను: పదో తరగతి వరకు, పాస్ కాలేదు. "ఇది మీ ఇంట్లకు రాదు" అని చెప్పాను. "లెక్కలొక్కటే రాస్తే చాలు. నేను ఇంట్ల కూసొని చదివే రాసిన." ఫీజు ఎక్కడ కట్టాలో రాసివ్వబోతే చెయ్యి పట్టుకుంది. "కాగితమొద్దక్కా, నోటితోని చెప్పు." రెండుసార్లు చెప్పించుకుంది.

పైనుంచి అత్త కేక. "పెన్ను ఇచ్చి రానీకె గంటనానే?"

"ఒస్తున్నత్తమ్మా!" అప్పటికే నాలుగు మెట్లు ఎక్కేసింది.

సాయంత్రం మళ్లీ ఎల్బీనగర్ దాకా నడిచాను. ఆరింటికి బస్సు దొరికింది, కిటికీ పక్కన సీటు కూడా. ఫారంలో ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాయడం నాకు చిటికెలో పని. అది రాయించడానికి రేణుక భయపడుతూనే మెట్లు దిగొచ్చింది. ఈ పని మీద మీరెవరైనా పోతే, ఇంటి నుంచి దిగేటప్పుడు కొంచెం మెల్లగా దిగండి.

ఆమె పేరు మార్చి రాశాను, ఊరి పేరు రాయనేలేదు. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు, లెక్కల పరీక్ష రాయాల్సిన ఆ కోడలిని ఒకసారి తలుచుకోండి. అసలు పేరు దేవునికి తెలుసు.