ఫ్లెక్సీ మీది దత్తపుత్రుడు

వారసుడు, వంశోద్ధారకుడు, వంశాంకురం, పుత్రరత్నం. బాపు తమ్ముడైన మా కాక నోట్లో ఈ మాటలే నానుతుండేవి. అన్నీ ఆయన చిన్నకొడుక్కే. పదో తరగతి మూడుసార్లు తప్పిన రత్నం అది. నాకు మాత్రం ఒకటే మాట, పరాయింటి పిల్ల.

బాపుకు నేనొక్కతే బిడ్డను. నన్ను కన్న అవ్వ ముందే పోయింది. బాపు మంచం పట్టిన రెండేళ్లూ లక్సెట్టిపేటలో ఆయన మందులు, స్నానాలు నేనే చూశాను. ఆ రత్నం ఒక్కనాడూ గడప తొక్కలేదు. బాపు పోయిన రోజు మాత్రం తెల్లపంచె కట్టుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు.

"కొరివి పెట్టినోడే కొడుకు. భూమి గూడ వానిదే," అన్నాడు కాక, నాకు వినపడేలా. నాకు బాపు మిగిల్చింది ఆ రెండెకరాలే. శవం లేవకముందే వాటి మీద కన్ను పడింది, థూ.

పదోరోజుకు చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. బాపు ఫొటో తమలపాకంత, రత్నం ఫొటో తలుపంత. కింద 'దత్తపుత్రుడు, ఏకైక వారసుడు' అని రాయించారు. నా పేరే లేదు. ఈ దత్తత సంగతి చచ్చిపోయిన బాపుకు కూడా తెలియదు.

నెల తర్వాత భూమిని వారసుల పేరుకు మార్చే విరాసత్ విచారణకు గిర్దావర్, అదే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, వచ్చాడు. దత్తత కాగితం అడిగితే కాక ఫోన్లో ఫ్లెక్సీ ఫొటో చూపించాడు.

"ఊరంత చూసింది సారూ. గింత పెద్దగ రాయించినం."

అరుగు మీద పల్లీలు తింటున్న కాక పెద్దకొడుకు నింపాదిగా లేచాడు. "గది నిజమే సార్, రాసుకోండి. మా తమ్ముడు పెద్దబాపుకు దత్తత పోయిండు. ఇగ మా బాపు నాలుగెకరాలల్ల వానికి హిస్సా లేదు."

గిర్దావర్ పెన్ను తీశాడు. "రాయమంటవా?"

కాక ఫోన్ జేబులో పెట్టేశాడు. "గది ఉత్తగ రాయించినం సారూ. దత్తత గిత్తత ఏం లే."

"మరి వారసులెవరు?"

"గీ పిల్లనే. మా అన్న బిడ్డ."

నలభై ఏళ్లలో ఆ మాట ఆయన నోటి వెంట నేను వినడం అదే మొదలు. అదీ తన నాలుగెకరాల్లో రత్నం వాటా కోసం.

ఆ ఫ్లెక్సీని నేనే విప్పి తెచ్చుకున్నాను. వాన మబ్బు పట్టినప్పుడు బాపు పొలంలో నా వడ్లకుప్ప మీద కప్పుతుంటాను. బాపు ముఖం మాత్రం కత్తిరించి దాచుకున్నాను.