ఇరవై ఎనిమిది వరసల నలికండ్ల పాము

కాకినాడలో ఓ కాలేజీ జంతుశాస్త్ర ప్రయోగశాలలో పదకొండేళ్లు పనిచేసిన కనకలక్ష్మికి, భర్త పార్థసారథి బదిలీతో కూకట్‌పల్లి వచ్చాక చేతిలో పని లేకుండా పోయింది. ఇంట్లో కూర్చోలేక టైపు పరీక్ష రాసి, 1999 జనవరిలో మాదాపూర్‌లో ఓ చిన్న కంప్యూటర్ కంపెనీలో చేరింది. ఆ గదిలో ఆమె తప్ప అందరూ పాతికేళ్లలోపు వాళ్లే.

పని ఓ విదేశీ మ్యూజియం వాళ్లది. నూరేళ్లుగా సీసాల్లో దాచిన పాములు, బల్లుల వివరాలున్న పాత కార్డులు తెర మీదికొస్తాయి. చూసి టైపు చెయ్యాలి. మిగతావాళ్లకవి వట్టి అంకెలు. కనకలక్ష్మికి పుట్టింటి మనుషులు కనిపించినట్టుండేది.

మార్చిలో నలికండ్ల పాముల వంతు వచ్చింది. పేరుకే పాములు, నిజానికి కాళ్లున్న బల్లిజాతివి. పక్కపక్కనే ఉన్న ఏడు దీవుల్లో పట్టినవన్నీ ఒకే జాతి పేరు కింద ఉన్నాయి. ఆరు దీవుల వాటికి నడుము చుట్టూ పొలుసుల వరసలు ముప్పైరెండో ముప్పైనాలుగో. ఏడో దీవిలో పట్టిన పంతొమ్మిదింటికీ ఇరవై ఎనిమిదే! ఒకటీ అరా అయితే లెక్క తప్పారనుకోవచ్చు. వేరువేరు కాలాల్లో, వేరువేరు మనుషులు లెక్కపెట్టినవన్నీ తప్పుతాయా?

వెళ్లి టీమ్ లీడర్ ఉదయ్ భాస్కర్‌కి చెప్పింది.

“కార్డులో ఏముంటే అది కొట్టండి మేడమ్. ఆలోచిస్తూ కూర్చుంటే స్పీడు పడిపోతుంది.”

“స్పీడు తగ్గనివ్వనండీ. ఒక్క మెయిల్ పంపండి, చాలు. వాళ్లు తిడితే నా పేరు చెప్పండి.”

అతను బుర్ర గోక్కుని, ఆమె రాసిచ్చిన ఆరు వాక్యాలూ ఆమె పేరుతోనే పంపాడు.

మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. గదిలో కుర్రకారు ఆమెని ‘నలికండ్ల మేడమ్’ అనడం మొదలుపెట్టారు. నాలుగో వారం జవాబొచ్చింది. అక్కడి పండితుడు సీసాలు తెరిచి మళ్లీ లెక్కపెట్టాడట. కాలివేళ్ల కింది పొలుసుల్లో కూడా తేడా ఉందట. అది వేరే జాతే! గదంతా చప్పట్లు. ఉదయ్ భాస్కర్ అందరికీ సమోసాలు తెప్పించాడు.

డిసెంబరులో ఆ పండితుడు తన వ్యాసం చిత్తుప్రతి పంపాడు. కొత్త జాతికి ఆమె పేరే పెట్టాడు. కనకలక్ష్మి మాత్రం ఆ పేరు చివరి అక్షరాన్నే మళ్లీ మళ్లీ చూస్తూ కూర్చుంది. ఆఫీసులో నేల తుడుస్తున్న చంద్రమ్మ చూసింది.

“ఏమైందమ్మా, గట్ల గూసున్నరు?”

“నలికండ్ల పాముకి నా పేరు పెట్టారు చంద్రమ్మా.”

“గా నలికీసుకా! మంచిదే గద. మల్ల ఫికరెందుకు?”

“నన్ను మగవాడనుకున్నారు. వాళ్ల లాటిన్ పద్ధతిలో మగవాడి పేరు చివర ‘ఐ’ పెడతారు, ఆడవాళ్లకి ‘ఏ ఈ’ రావాలి. పిలిచి పీట వేస్తే ఇంకా వంకలు పెడుతోంది అనుకుంటారేమో.”

“అనుకోనియ్యిండ్రి. కనిపెట్టింది మీరు. మొగోని పేరెందుకుండాలె? జర రాయిండ్రి.”

కనకలక్ష్మి నవ్వేసింది. “అయ్యా, నేను స్త్రీని. పేరు చివరి అక్షరాలు దయచేసి మార్చగలరు” అని రాసింది. తెల్లారేసరికి క్షమాపణలతో, సవరించిన పేరుతో జవాబు వచ్చేసింది.

ఆ సాయంత్రం పార్థసారథి ఆ పొడుగాటి పేరుని కూడబలుక్కుని చదవబోయి మూడుసార్లు తడబడ్డాడు. “నోరు తిరగట్లేదోయ్” అంటూనే, కాగితం పట్టుకుని పక్కింటివాళ్లకి చూపించడానికి చెప్పులేసుకున్నాడు.