ఎర్త్ బోల్టు మీద కొబ్బరి నీళ్ళు

నా భార్య తమ్ముడూ నేనూ కలిసి కొన్న చిన్న మోటారు బోటు నాటింగ్‌హామ్ దగ్గర ట్రెంట్ నదిలో ఉండేది. 2014 వేసవిలో దానికో జబ్బు పట్టుకుంది. ఉన్నట్టుండి డాష్‌బోర్డు మీది మూడు గేజుల ముళ్ళూ సున్నాకు పడిపోయేవి. అదే క్షణాన వేగం పెంచే థ్రాటిల్ ఎంత తోసినా ఇంజిన్ నీరసించేది. ఆ బోటులో థ్రాటిల్‌నూ ఇంజిన్‌నూ కలిపేది కరెంటు తీగే. అర నిమిషం పోతే మళ్ళీ అన్నీ మామూలే.

వర్క్‌షాపువాడు గేజులు పోయాయని మూడూ మార్చాడు. జబ్బు పోలేదు. గేజు పోతే ముల్లు పడుతుంది సరే, ఇంజిన్ ఎందుకు పడుతుందని అడిగితే బిల్లు చేతిలో పెట్టాడు.

నేను కరెంటు ఏ కాలేజీలోనూ చదవలేదు. లైబ్రరీ పుస్తకాలూ ఒక మల్టీమీటరూ నా చదువు. జబ్బు వచ్చినప్పుడల్లా ఏమేం ఆన్‌లో ఉన్నాయో రాసిపెట్టాను. తొమ్మిదిసార్లు వచ్చింది. తొమ్మిదిసార్లూ బోటు అడుగున చేరిన నీటిని తోడే పంపు దానంతటదే తిరుగుతోంది. పంపుకీ గేజులకీ థ్రాటిల్‌కీ ఎర్త్, అంటే కరెంటు తిరిగి బాటరీకి చేరే దారి, ఒకటే. చెడింది అదే అయ్యుండాలి.

ఈలోగా బావమరిది తయారయ్యాడు. "శనివారం అక్కని తిప్పుకొస్తా బావా."

"మన రేవుకి కిందనే వియర్ ఉంది. నీళ్ళు అక్కడ అడ్డుగోడ మీంచి కిందకి దూకుతాయి. ఇంజిన్ అర నిమిషం ఆగితే ప్రవాహం నిన్ను ముప్ఫై మీటర్లు లాక్కుపోతుంది. తెలుసా?"

"నీ లెక్కలకో దణ్ణం. పడవెక్కేవాడు టేపు పట్టుకుని ఎక్కుతాడా?"

శుక్రవారం స్టీరింగ్ కింద వెల్లకిలా పడుకుని పలక విప్పాను. బాటరీ నెగటివ్‌కీ ఎర్త్ బోల్టుకీ మధ్య మీటరు పెట్టి పంపు వేశాను. 0.2 వోల్టు దాటకూడదు. 2.6 చూపించింది. బోల్టు నిండా పచ్చటి చిలుము, దాని మీద ఎర్రటి ముద్ద. గీకి చూశాను. కుంకుమ.

అక్కడి నుంచే ఫోన్ చేశాను. "బోటుకి పూజ చేశావా?"

"మేలో చేశాలే. నువ్వు ఎగతాళి చేస్తావని చెప్పలేదు. కొబ్బరికాయ స్టీరింగ్ దగ్గరే కొట్టా. నీళ్ళు కాస్త లోపలికి పోయినట్టున్నాయి."

"ఒక్క కాయేనా?"

"తర్వాత అక్క ఇంకోటి కొట్టింది. ఓసారి మేమిద్దరం వెళ్ళినప్పుడు వియర్ దగ్గర ఇంజిన్ ఆగిపోయింది బావా. గట్టున చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడ్డాం. గండం గడిచిందని మొక్కు తీర్చుకుంది."

చెడిన బోల్టు మీదే, మొక్కు తీరుస్తూ, మళ్ళీ లోహాన్ని తినేసే అవే కొబ్బరి నీళ్ళు. నా భార్య వియర్ అంచు దాకా వెళ్ళి వచ్చింది. ఆ తర్వాత కూడా నాకు అన్నం వడ్డించింది, నోటుబుక్కులో నేను రాసుకుంటుంటే చూసింది, ఒక్క మాట చెప్పలేదు.

ఇంటికెళ్ళి అడిగాను.

"చెప్తే ఆ పూటే బోటు అమ్మేసేవారు," అంది. "వారమంతా ఆఫీసు, ఇల్లు. నాకున్నది బోటు మీది ఆ ఒక్క గంటే."

"ప్రాణం పోతే ఆ గంట ఎవరికి?"

"అరవకండి. పక్క ఫ్లాట్ వాళ్ళు వింటారు."

పొద్దున్నే వెళ్ళి బోల్టు మెరిసేదాకా రుద్ది, తీగల కొసలు కోసి కొత్తవి బిగించాను. 0.05. ఇక ఆపడానికి నాకు కారణం మిగల్లేదు. ముగ్గురం వెళ్ళాం, వియర్‌కి దూరంగా, ఎగువకి. పంపు నేనే నాలుగుసార్లు వేసి చూశాను. ముళ్ళు కదల్లేదు, ఇంజిన్ తగ్గలేదు. నా భార్య పులిహోర డబ్బా నా వైపు జరిపింది. నేను వెనక్కి జరిపాను.