నిలవుంచిన సంగతి

రాజోలు దగ్గర మా ఊళ్ళో, ఆదివారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళం మా అరుగు మీద చేరి చీపుళ్ళకి కొబ్బరి ఈనెలు తీస్తుంటాం. పెద్దరికం ఎవరికీ లేదు, ముందే అనుకున్న విషయమూ ఉండదు. మాట్లాడవలసిన సంగతి ఉన్నవాళ్ళు తమ ముందు ఒక ఈనె పెట్టుకుంటారు. సంగతి తేలాక దాన్ని కట్టలో కలుపుతారు.

భర్త పోయాక మరిది ఇంట్లో ఉంటున్న ఒకావిడ ప్రతివారం ఈనె పెట్టేది. వంతు రాగానే, "ముందు మీవి కానివ్వండి, నాది నిలవుంటుందండీ" అని నవ్వేది. వెళ్ళేటప్పుడు ఆ ఈనెను కొప్పులో గుచ్చుకుని పోయేది. దాచుకునే సంగతైతే ఈనె పెట్టడం ఎందుకు? చెప్పవలసినదైతే పట్టుకుపోవడం ఎందుకు? నాకు ఎంతకీ అంతుబట్టేది కాదు.

ఒక ఆదివారం ఆగలేక, "ఈవేళ నీదే ముందు" అన్నాను.

ఆమె తల దించుకుంది. "మా మరిదిగారు ఈ వీధి వెనక చేలో రొయ్యల చెరువు తవ్విస్తారంటండీ. చేను నా పేరునుంది. సంతకం పెడితే మీ నూతుల్లో నీళ్ళు ఉప్పయిపోతాయి. పెట్టకపోతే ఆ ఇంట్లో నాకు ముద్ద పెట్టరు. మీతో ఎలా చెప్పనండీ?"

కుళాయి దగ్గర రోజూ ఆమెతో దెబ్బలాడే ఎదురింటి పెద్దావిడే ముందుగా అందుకుంది.

"దీనికా ఇన్నాళ్ళూ నాన్చేవు? సంతకం పెట్టకు. మా ఇంట్లో తిందువుగాని."

"ఆయ్... మరి కుళాయి దగ్గర దెబ్బలాటండీ?"

"అది మానను. దాని దారి దానిదే."