‘అయితున్నది’ యూనుస్

ఇస్నాపూర్‌లో కంప్యూటర్లు బాగుచేసే యూనుస్‌కు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. తయారుగా దొరికే సాఫ్ట్‌వేర్‌ను చచ్చినా ఎక్కించడు. లినక్స్‌లో ఏ ప్యాకేజీ అయినా ఇట్టే దించుకోవచ్చు. మనవాడు మాత్రం దాని ముడిసరుకైన సోర్స్ కోడ్ మొత్తం తెచ్చుకుని, బాగుకొచ్చిన మిషన్ మీదే మొదటి నుంచి కంపైల్ చేసి తయారు చేస్తాడు. అందరూ ప్యాకెట్ మసాలాతో కూర దించేస్తుంటే, ధనియాలు విత్తడానికి బయల్దేరే రకం అని ఆయన భార్య ఫకృన్నీసా అభిప్రాయం.

ముందు గది కొట్టు, వెనక గది కాపురం. కొట్లో ఎప్పుడు చూసినా నల్ల తెరల మీద తెల్ల అక్షరాలు పరుగెత్తుతూనే ఉంటాయి. ఎవరేమడిగినా యూనుస్ జవాబు ఒక్కటే.

“భాయ్, నా లాప్‌టాప్ ఏమైంది?”

“అయితున్నది.”

“అజీ, అన్నం తింటరా?”

“అయితున్నది.”

నిఖాలో ఖాజీ సాబ్ ఖబూలేనా అని అడిగినప్పుడు కూడా ఈయన ఇదే చెప్పాడని బావమరిది ఇమ్తియాజ్ ఊరంతా ప్రచారం చేస్తుంటాడు. అతని కోపానికి కారణముంది. కొత్త లాప్‌టాప్ కొని, పెట్టె విప్పి బావకు చూపిద్దామని తెస్తే, బావ దాన్ని కూడా వరసలో పెట్టేశాడు. రంజాన్ మొదట్లో ఇచ్చింది, పండుగ సేమియా తిన్నాక గానీ చేతికి రాలేదు. అన్ని మిషన్ల వేడీ వానాకాలంలో తడి బట్టలు ఆరడానికి తప్ప ఎందుకూ పనికిరాదని ఫకృన్నీసా తేల్చేసింది.

మొన్న శుక్రవారం రవళి వచ్చింది. వాళ్లమ్మ మల్లవ్వ మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. అక్కడే ల్యాబ్ ఉద్యోగానికి రవళికి సోమవారం పొద్దున ఆన్‌లైన్ పరీక్ష. చూస్తే, ఎవరో వాడి వదిలేసిన ఆమె లాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరుచుకోవడం లేదు.

“సోమవారం వరకు అయితదా, భాయ్?”

“అయితున్నది,” అన్నాడు యూనుస్, ఇంకా మూతైనా తెరవకుండానే.

ఆదివారం మధ్యాహ్నమైనా అక్షరాలు పరుగెత్తుతూనే ఉన్నాయి. ఫకృన్నీసా ఓపిక అయిపోయింది. ఈ పిచ్చికి ఆ పిల్ల బతుకు బలి కావడానికి వీల్లేదనుకుంది. యూనుస్ నమాజుకు వెళ్లగానే, పక్కనే కంప్యూటర్ల కొట్టున్న ప్రభాకర్‌ను పెన్‌డ్రైవ్‌తో సహా పిలిపించింది. అతను రవళి లాప్‌టాప్‌లో తయారుగా ఉన్న బ్రౌజర్‌ను ఎక్కించాడు. అది ఒక్కసారి తెరుచుకున్నట్టే అయి మాయమైంది.

“దీని ప్రాసెసర్ పాతది, ఆపా. ఇప్పుడొచ్చే ప్యాకేజీలు దీంట్ల నడువయ్. కొత్తది కొనుక్కోమని ఆ పిల్లకు మొన్ననే చెప్పిన.”

“మరి మా ఆయన చేసేదేంది?”

“ఈ పాతదానికి సరిపోయేటట్టు మళ్ల తయారు చేస్తుండు. గట్లయితేనే నడుస్తది. నేను పనికిరావన్నవన్నీ ఈడికే వస్తయ్.”

నమాజు నుంచి వచ్చిన యూనుస్‌ను ఫకృన్నీసా గుమ్మంలోనే పట్టుకుంది.

“గీ ముచ్చట అందరికి చెప్పొచ్చు గద. మిమ్మల్ని పిచ్చోడంటున్నరు.”

“ప్రభాకర్ ఒకసారి చెప్పనే చెప్పిండు. నీ మిషన్ పనికిరాదని నేను గూడ అంటే ఆ పిల్ల మొఖం చిన్నబోతది. యూనుస్ భాయ్‌కి పిచ్చి అనుకుంటే నవ్వుకుంట పోతది.”

“మా తమ్మునిది కొత్తదే గద. దాన్నెందుకు ఆపినరు?”

“కొత్తవి గూడ వరసల ఉండాలె. అప్పుడే లేటు నా పిచ్చితోటి అనుకుంటరు, తమ మిషన్‌తోటి కాదు.”

ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషిని ఇవాళే కొత్తగా చూసినట్టయింది ఆమెకు. నవ్వొచ్చింది, ముద్దూ వచ్చింది. అంతలో కరెంటు పోయింది.

రవళి లాప్‌టాప్‌కు బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఇక ఇన్వర్టరే దిక్కు. ఆగితే మళ్లీ మొదటికే. ఫకృన్నీసా కొంగు దోపింది. ఇన్వర్టర్ మీదున్న ఫ్యాన్లూ లైట్లూ కట్టేసింది, ఫోన్ల చార్జర్లు పీకేసింది. అప్పుడే వచ్చిన ఇమ్తియాజ్ చెమటలు తుడుచుకుంటూ అన్నాడు.

“అక్కా, జెర ఫ్యాన్ వెయ్యవా?”

“వెయ్య. నీ లాప్‌టాప్ అట్టపెట్టె ఉన్నది, దాంతోటి విసురుకో.”

సాయంత్రం కరెంటు వచ్చేదాకా ఆమె స్విచ్‌బోర్డు దగ్గర నుంచి కదల్లేదు. చీకటి పడే వేళకు అక్షరాలు ఆగాయి, బ్రౌజర్ తెరుచుకుంది.

సోమవారం పొద్దున రవళి కొట్లోనే కూర్చుని పరీక్ష రాస్తోంది. ఎవరూ లోపలికి రాకుండా ఫకృన్నీసా గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుంది. వెనక గదిలోంచి యూనుస్ మెల్లగా తొంగిచూశాడు.

“నాష్తా ఏమైంది?”

ఆమె రవళి మీంచి చూపు తిప్పలేదు.

“అయితున్నది.”