కుక్క చెవి, పెరుగు ముద్ద

మా కుక్కకి ఎన్నిసార్లు చెవి చెడిందో చెప్పమంటే చెప్పలేను గానీ, చెడే ముందు ఏం జరిగేదో మాత్రం ఇప్పటికీ చెప్పగలను. మొదటిరోజు తల ఒక పక్కకి వంచి నడిచేది. మర్నాటికి చెవులు టపటపలాడిస్తూ తల విదిలించేది. మూడోరోజుకి పక్కన కూర్చుంటే పులిసిన పిండి వాసన కొట్టేది. చెవి తిరగేసి చూస్తే లోపలంతా ఎర్రగా కంది, మడతల్లో నల్లటి గులిమి కనిపించేది. సరిగ్గా అప్పుడే పొట్ట కిందా కాళ్ల సందుల్లోనూ వెంట్రుకలు రాలి, గోకినచోటల్లా పొక్కులు కట్టేవి. మందు వేసినన్నాళ్లు తగ్గేది. ఆపిన పదిరోజులకి మళ్లీ తల వంచేది.

తొంభైల మొదట్లో సంగతి ఇది. తెనాలిలో ఒక ఇంట్లో ముందు వాటా అద్దెకి తీసుకుని ఉండేవాళ్లం. మా ఆయన ఉద్యోగం చుండూరులో. నేను ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మామగారు పోయిన మరుసటి ఏడు మా అత్తగారు రేపల్లె నుంచి మా దగ్గరికి వచ్చేశారు. ప్యాసింజరు దిగినప్పుడు ఆవిడ చేతిలో ఒక ట్రంకుపెట్టె, ఒక వెదురుబుట్ట. బుట్టలో మామిడికాయలు తెచ్చారనుకుని సంతోషంగా అందుకున్నాను. మూత తీస్తే వేలాడే చెవులతో ఒక కుక్కపిల్ల నా వేలు నాకింది. తల్లి ఊరకుక్క, తండ్రి ఎవరో కాంట్రాక్టరుగారి జాతికుక్క అని ఆవిడ వివరం చెప్పారు. ఆ చెవులు తండ్రివే.

మా అత్తగారు ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవారు కాదు, దానితో తప్ప. దాన్ని "నాన్నా" అని పిలిచేవారు. ఆవిడ భోజనానికి కూర్చుంటే అది గుమ్మం అవతల కూర్చునేది. ఆఖరున ఆవిడ పెరుగన్నంలోంచి ఒక ముద్ద దానిది. ఆ ముద్ద తినేదాకా అది అక్కడినుంచి కదిలేది కాదు, అది తినేదాకా ఆవిడా లేచేవారు కాదు.

నాకు కోపం తొందరగా వస్తుంది. దానికి తోడు సైన్సు చెప్పేవాళ్లకుండే జబ్బొకటి. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందనీ, అది తమకే దొరుకుతుందనీ నమ్మకం. వేపాకు కాచిన నీళ్లు పోశాను. కొబ్బరినూనెలో గంధకం కలిపి రాశాను. ఆ రాసినదంతా అది నాక్కుని వాంతి చేసుకుంది. చివరికి రిక్షా ఎక్కించి పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లాను. అక్కడ అన్నీ గేదెలే. మధ్యలో నేను, ఈ కుక్క. జనం మమ్మల్ని వింతగా చూశారు.

డాక్టరుగారు పెద్దాయన. చెవిలోకి టార్చి వేసి చూసి, దూదితో తుడిచి, చుక్కల మందు రాశారు. నాలుగోసారి వెళ్లినప్పుడు మాత్రం కలం పక్కన పెట్టారు.

"ఇది మందుతో పోయేది కాదమ్మా. దీనికేదో పడట్లేదు. తిండో, దుమ్మో, గడ్డో నేను చెప్పలేను. తిండితో మొదలెడదాం. రెండు నెలలపాటు పాలు, పెరుగు, గుడ్డు అన్నీ ఆపెయ్యండి. అన్నం, ఉడికిన పెసరపప్పు, అంతే. ఒక్క ముద్ద తేడా వచ్చినా మళ్లీ మొదటికే. చెవుల్లోకి నీళ్లు మాత్రం పోనివ్వకండి."

ఆ వారమే ఇల్లుగలావిడ వెనక వాటాలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. దసరా సెలవులకి మనవలు వస్తున్నారట. "ఆ దురద పిల్లలకి అంటుకుంటే ఎవరిదండీ పూచీ? ఈలోపు దాన్ని బాగైనా చేయించండి, ఎక్కడికైనా పంపనైనా పంపండి. లేదంటే మీరే వేరే ఇల్లు చూసుకోండి," అంది. నిజాంపట్నం దారిలో రొయ్యల చెరువు తవ్వించిన స్నేహితుడు ఒకాయన కాపలాకి కుక్క కావాలంటున్నాడని మా ఆయన చెప్పారు. ఆ ఉప్పుగాలిలో, బురదలో, ఈ చర్మంతో అది ఎన్నాళ్లు బతుకుతుందో నాకు తెలుసు. దసరాకి తగ్గకపోతే పంపేద్దామని మాత్రం నేనూ ఒప్పుకున్నాను. మా అత్తగారు బియ్యం ఏరుకుంటూ అంతా విన్నారు.

నేను ఒక నోటుబుక్కు పెట్టాను. అది ఏం తింది, ఎక్కడ పడుకుంది, ఎన్నిసార్లు గోక్కుంది, అన్నీ రాశాను. మా అత్తగారికి గట్టిగా చెప్పాను.

"ఇకనుంచి పెరుగు ముద్ద పెట్టకండి అత్తయ్యగారూ. ఒక్కటి కూడా."

"సరేనమ్మాయ్."

నెల గడిచింది. పొట్ట మీద పొక్కులు కాస్త ఆరాయి గానీ చెవులు చెవుల్లాగే ఉన్నాయి. సోమవారం వచ్చేసరికి తల విదిలింపు, మంగళవారానికి వాసన. నాకు మండిపోయింది. నేను బడికి వెళ్లాక ఆవిడ చాటుగా పెడుతున్నారని తేల్చేసుకున్నాను.

"మీరు పెడుతున్నారు కదూ?"

"లేదమ్మాయ్."

"మరి ఎందుకు తగ్గట్లేదు? దాన్ని ప్రేమగా చంపేస్తున్నారు మీరు."

ఆవిడ నా మొహం వంక ఒకసారి చూసి, పెరట్లోకి వెళ్లిపోయారు. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. నేను కుక్క రోగం మీద కోపం అత్త మీద చూపించాను. ఆ రోజుల్లో పెరుగు కూడా రోజూ మిగిలిపోయేది. పారబొయ్యలేక వారానికి రెండు మూడుసార్లు మజ్జిగపులుసు పెట్టేదాన్ని. ఇంత పులుసు ఎవరు తింటారని మా ఆయన విసుక్కునేవారు. పెరుగెందుకు మిగులుతోందో నేను ఆలోచించలేదు.

సెప్టెంబరులో టీచర్లకి శిక్షణ అని నన్ను బాపట్ల పంపారు. మూడు వారాలు అక్కడే బస. పగలంతా క్లాసులు, సాయంత్రం తోటి టీచర్లతో కబుర్లు. నా మనసు మాత్రం తెనాలిలోనే ఉండేది. తిరిగి వెళ్లేసరికి దసరాకి వారం కూడా ఉండదు. కుక్కని పంపేటప్పుడు నేను ఇంట్లో లేకుండా ఉంటే బాగుండునని అనుకున్నాను. ఆ పిరికితనం ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

శనివారం సాయంత్రం ఇంటికి వచ్చాను. కుక్క పరుగెత్తుకొచ్చి మీదికి ఎగబడింది. తల నిటారుగా ఉంది. చెవి తిరగేసి చూశాను. పొడిగా, లేతగా ఉంది. ముక్కు పెట్టి మరీ చూశాను, ఏ వాసనా లేదు. "చూశారా, పథ్యం సరిగ్గా చేస్తే ఎందుకు తగ్గదు," అని గెలిచినదానిలా అన్నాను. మా అత్తగారు కుక్క తల నిమురుతూ కూర్చున్నారు.

మర్నాడు ఆదివారం. మా ఇంట్లో ఆదివారమంటే తలంటు. చిన్నప్పుడు మా అమ్మ మా అందరికీ తలకి నూనె పెట్టి, వెల్లుల్లి రేకు వేసి కాచిన నువ్వులనూనె చెవుల్లో రెండేసి చుక్కలు పోసి, కుంకుడురసంతో రుద్దేది. కుక్క వచ్చినప్పటినుంచీ దానికీ నేను అదే చేస్తున్నాను. పైగా డాక్టరుగారు నీళ్లు పోనివ్వద్దన్నాక ఇంకో నాలుగు చుక్కలు ఎక్కువ పోసేదాన్ని. నూనె ఉన్నచోట నీళ్లు నిలవవని పిల్లలకి పాఠం చెప్పేదాన్ని నేనే కదా. ఆ ఆదివారం కూడా పొయ్యి మీద గరిటె పెట్టి నూనె కాస్తుంటే మా అత్తగారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"అమ్మాయ్, నీకో మాట చెప్పాలి. నువ్వు లేని మూడు వారాలూ వాడికి రోజూ పెరుగు ముద్ద పెట్టాను. ఎలాగూ చెరువుకి పంపేస్తారు కదా, పోయేలోపు నాలుగు ముద్దలు తిననీ అని. అంతకుముందు మాత్రం పెట్టలేదు. తిట్టదలుచుకుంటే తిట్టు."

నేను తిట్టలేదు. పెరుగు తిన్నా చెవి బాగుంటే మరి ఇన్నాళ్లూ దేనివల్ల చెడిందని ఆలోచిస్తున్నాను.

"దానికి తలంటు ఎవరు పోశారు?"

"ఎవరు పోస్తారే? నా నడుముతో నేను వంగలేను. మూడు ఆదివారాలూ వాడికి స్నానమే లేదు."

గరిటె దించేశాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. నా నోటుబుక్కులో అది నాకిన రాయితో సహా రాశాను గానీ, ఆదివారం నూనె ఒక్కసారీ రాయలేదు. అది మందు కాదు, తిండి కాదు. మా అమ్మ చేసిన పని, అందులో రాసేదేముంది అనుకున్నాను.

సోమవారం డాక్టరుగారు నా మాట విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వేలాడే చెవి అమ్మా, గాలి ఆడదు. అందులో వారం వారం నూనె పోస్తే పులియక ఏం చేస్తుంది? పెరుగు తప్పేం లేదు, పెట్టుకోండి." చర్మం సంగతి మాత్రం ఆయనకీ చివరిదాకా అంతుపట్టలేదు. ప్రతి వానాకాలం పొట్ట కింద కందేది, మందు రాసేవాళ్లం, చలికి తగ్గేది. చెవులు మాత్రం మళ్లీ అంతగా చెడలేదు. ఇల్లుగలావిడ ముక్కు మూసుకుని వచ్చి, చూసి, ఉండనివ్వమంది. మనవలు వచ్చి రోజంతా దాని చెవులు పట్టుకుని ఆడారు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మధ్యాహ్నం మా అత్తగారికి నేనే వడ్డించాను. దానికి పెరుగు పెట్టచ్చట అని చెప్పాను. ఆవిడ పెరుగు కలుపుకుంటుంటే చూస్తూ నిలబడిపోయాను. అంతకుముందు ఆవిడ పెరుగు కలుపుకోగా ఎప్పుడు చూశానో గుర్తు రాలేదు. మజ్జిగపులుసులు గుర్తొచ్చాయి.

"అత్తయ్యగారూ, వాడికి ఆపినన్నాళ్లూ మీరూ పెరుగు వేసుకోలేదా?"

"వాడు ఎదురుగా కూర్చుని చూస్తుంటే నాకెలా దిగుతుందే," అన్నారావిడ, ముద్ద చేస్తూ.

కుక్క ఏం తిన్నదీ పూటపూటకీ రాసినదాన్ని, ఒకే గదిలో తిరుగుతూ ఆవిడ ఏం తిన్నదీ చూడలేదు. పైగా దొంగని చేసి మాట్లాడాను. తప్పయిందని అనాలని నోటిదాకా వచ్చింది. అనలేక, ఇంకో గరిటె పెరుగు ఆవిడ కంచంలో వెయ్యబోయాను.

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "చాలమ్మాయ్. నువ్వు కూర్చుని తిను. నువ్వూ మానేశావుగా."

నేను మానలేదు. ఆ రెండు నెలలూ, బడికి పట్టుకెళ్లిన క్యారియరులో, తర్వాత బాపట్లలో, రోజూ పెరుగన్నం తిన్నాను. ఆ మాట మాత్రం ఆవిడకి చెప్పలేదు.