నిద్రకు రెండు లెక్కలు

నిద్రమాత్రలను హోల్‌సేల్ రేటుకు కొన్న మనిషి మా ఇందుకూరుపేట మండలంలో నేను తప్ప ఇంకొకరు ఉండరని గట్టిగా చెప్పగలను. ఒక షీటు కాదు, రెండు షీట్లు కాదు, డబ్బాకు డబ్బా. నాకు గర్భసంచి తీసేసినప్పుడు ఆపరేషన్ చేసిన డాక్టరు ఐదు మాత్రలకు రాసిచ్చిన పాత చీటీ ఒకటి ఇంట్లో ఉంది. దాన్ని మడత విప్పి మందుల షాపతని ముందు పెట్టాను.

"అక్కా, దీనికి ఐదే ఇయ్యాల. అదిగూడా అప్పుడు" అన్నాడు.

"నీ పెళ్ళికి బిందెలు, గంగాళాలు ఎవురి కొట్లో కొన్నావన్నా?"

"మీ కొట్లోనే. రూపాయి తగ్గించినావా అప్పుడు?"

"అందుకే ఇప్పుడు తగ్గించుకుందామని వచ్చినా."

పావుగంట తరువాత నూటికి పన్నెండు తగ్గింపుతో, పైన ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉచితంగా పుచ్చుకుని, గెలిచిన దానిలా ఇంటికి వచ్చాను. ఆ సాయంత్రం మా ఆయనకు ఈ బేరం గురించి చెప్పలేదు. అంత గొప్ప బేరాన్ని దాచుకోవలసి వచ్చినప్పుడే నాకు అనుమానం రావలసింది.

మాది గూడూరు. మా నాన్నకు అక్కడ స్టీలు పాత్రల కొట్టు ఉండేది. కొన్న ధర పాత్ర అడుగున మేకుతో గీసేవారు, అంకెల్లో కాదు, ఆయన సొంత గుర్తుల్లో. నిలువు గీత ఒకటి, చంద్రవంక రెండు, చేప ఐదు, చుక్క సున్నా, ఇలా పదీ ఉండేవి. కొనే మనిషి పాత్రను తిరగేసి చూసి అదేదో కంపెనీ ముద్ర అనుకునేవాడు. నాకు బడిలో ఎక్కాల కన్నా ముందే ఆ గుర్తులు వచ్చాయి. వాటితో పాటు ఇంకోటి కూడా వచ్చింది: ఎదుటివాళ్ళకు మొదట చెప్పే అంకె నిజమైన అంకె కాకూడదు. పెళ్ళై ఇందుకూరుపేట వస్తే ఇక్కడా పాత్రల కొట్టే. మా ఆయన తూకం చూస్తాడు, నేను బేరం చూస్తాను. మైపాడు వైపు నుంచి చేపల గంపలకు, అల్యూమినియం డేగిసాలకు వచ్చే ఆడవాళ్ళతో వాదించి గెలిచిన నోరు ఇది.

ఆపరేషన్ అయిన ఏడాదే నాకు నిద్ర దూరమైంది. ముందు తప్పంతా రొయ్యల గుంటల మీద వేశాను. మా ఇంటి వెనక గుంటల్లో ఏరేటర్లు రాత్రంతా నీళ్ళు చిలుకుతూ ఉంటాయి. కానీ పాతికేళ్ళుగా ఆ చప్పుడులోనే గుర్రు పెట్టిన దాన్ని నేను. గసగసాలు నూరి పాలల్లో తాగాను. అరికాళ్ళకు నువ్వులనూనె పట్టించాను. మూడు రకాల దిండ్లు మార్చాను, మూడూ బేరమాడి కొన్నవే. ఏదీ పని చెయ్యకపోతే నా తెలివి నేను వాడాను. కొట్టు ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఎక్కువ అమ్ముడవుతుంది కదా. అందుకని రాత్రి ఎనిమిదిన్నరకే మంచమెక్కి పొద్దున ఆరింటి దాకా దిగేదాన్ని కాదు. తొమ్మిదిన్నర గంటలు తెరిచిన కొట్లో ముక్కలు ముక్కలుగా ఐదున్నర గంటల నిద్ర దొరికేది. మిగతా నాలుగు గంటలు ఫ్యాను రెక్కలను చూస్తూ, ఇరవై ఏళ్ళ కిందట ఎవరో నన్ను అన్న మాటకు ఇప్పుడు జవాబులు చెబుతూ గడిపేదాన్ని.

ఆ తరువాతే మాత్రల డబ్బా. కొన్న సరుకు అల్మరాలో ఊరికే పడి ఉండటం నేను చూడలేను. పైగా దాని మీద గడువు తేదీ ఒకటి రాసి ఉంటుంది. నిద్ర పట్టేలా ఉన్న రోజు కూడా, పాడైపోతుందేమోనని ఒకటి మింగేదాన్ని. రెండు నెలలు బాగా పట్టింది. మూడో నెల నుంచి మాత్ర వేసుకుంటే పాత నిద్రే, వేసుకోకపోతే అదీ లేదు.

ఇవన్నీ నా ఒక్కదాని బాధలే అయితే ఇంత రాయను. మా అత్తకు చక్కెర జబ్బు. రోజూ పొద్దున టిఫినుకు ముందు ఇన్సులిన్ సూది వెయ్యాలి. ఆమె కళ్ళకు పొర, తాను వేసుకోలేదు. ఆ పని ఏడేళ్ళుగా నాది. ఇంట్లో నేను బేరమాడకుండా చేసే పని అదొక్కటే. మా అత్త నన్ను దేనికీ మెచ్చుకున్న మనిషి కాదు గానీ, వచ్చిన చుట్టాలందరికీ మాత్రం చెప్పేది: "మా కోడలు సూది ఏస్తే చీమ కుట్టినట్టుగూడా ఉండదు." పొద్దున లేచేసరికి చేతులు వణుకుతున్నాయని, ఇన్సులిన్ పెన్ను మీద డోసు అంకె రెండుసార్లు చూడాల్సి వస్తోందని గమనించాక నాకు భయం వేసింది. ఆ భయంతోనే నెల్లూరులో నిద్ర జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

చిన్న వయసు, నిదానపు మాట. "రాత్రికి మొత్తం ఎన్ని గంటలు నిద్ర పడుతోందమ్మా?" అంది.

నిజం ఐదున్నర. కానీ ఐదున్నర అంటే, 'అంతేనా, మీ వయసుకు చాల్లే' అని పంపేస్తుందేమో. మన బాధ ఆమెకు ఆనాలంటే మొదటి మాట కిందనుంచి మొదలు పెట్టాలి. "మూడు" అన్నాను. ఆమె బేరం చెయ్యలేదు. మూడు అని రాసుకుంది. అలా రాసుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

"నిద్రమాత్రలేమైనా వాడుతున్నారా?"

గోడౌనులో ఎంత సరుకుందో ఎవరికైనా చెబుతామా. "అలవాటు లేదమ్మా."

అప్పుడు ఆమె చెప్పిన వైద్యం విని మతి పోయింది. మంచం మీద గడిపే సమయం పెంచడం కాదు, తగ్గించాలట. నిద్ర ఎంత పడుతుందో ఇంచుమించు అంతసేపే పడుకోవాలి. పగలు కునుకు తియ్యకూడదు. ఎప్పుడు పట్టినా పట్టకపోయినా లేచే వేళ మారకూడదు. అప్పుడు చెదిరిన నిద్ర ఒక చోటికి చేరుతుంది, చేరాక కొంచెం కొంచెం పెంచుకోవచ్చు. "మీది మూడు గంటలే అంటున్నారు. కానీ ఐదు కన్నా తగ్గించడం మంచిది కాదు. పన్నెండుకు పడుకోండి, ఐదుకు లేవండి."

"పదకొండు చెయ్యండమ్మా. మీ మాటా వద్దు, నా మాటా వద్దు, పదకొండున్నర."

ఆమె నవ్వింది. "ఇక్కడ బేరం లేదమ్మా. పగలు మరీ మగతగా ఉంటే మాత్రం ఆగకుండా నాకు ఫోన్ చెయ్యండి." రోజూ ఎన్ని గంటలు పట్టిందో రాయడానికి గళ్ళ కాగితం ఒకటి ఇచ్చింది.

ఆ కాగితంలో రోజూ మూడు, మూడుంపావు అని రాశాను. ఒకసారి చెప్పిన ధర మార్చితే మాట పోతుంది కదా. అసలు లెక్క గోడకు తగిలించిన క్యాలెండరు వెనక, మా నాన్న గుర్తుల్లో. నిద్రకు రెండు లెక్కలు రాసిన రోగి ఆ డాక్టరమ్మకు నేనే మొదటిదాన్ని అయ్యుంటాను. పన్నెండుకు పడుకునే ముందు ఒక మాత్ర మింగడం కూడా మానలేదు. డబ్బాలో ఇంకా సగం ఉంది మరి.

వారం తిరిగేసరికి నేను నేనుగా లేను. గంపలు కొనే ఆమె ఒకతె డేగిసా పట్టుకుని, ఎప్పటిలాగే సగానికి అడిగింది. "సరే, తీసుకో" అన్నాను. ఆమె డేగిసా కింద పెట్టేసి నా మొహంలోకి చూసింది.

"ఏందక్కా, ఒంట్లో బాగలేదా? అడిగినంతకు ఇచ్చేస్తుండావు?"

ఆ మాట మా వీధిలో రెండు రోజులు నడిచింది. నేనూ నవ్వాను. ఫోన్ మాత్రం చెయ్యలేదు.

పదకొండో రోజు పొద్దున మా అత్తకు సూది వేశాను. వంటింట్లోకి వెళ్ళి ఇడ్లీ కుక్కరు దించాను. మళ్ళీ వచ్చి పెన్ను తీసి, అంకె తిప్పి, దూది పట్టుకున్నాను.

"ఇందాక ఏసినావు కదమ్మే?" అంది మా అత్త.

"అది నిన్నటి సంగతత్తా. నీకు నిన్నేదో, ఈ పొద్దేదో తెలస్తా ఉండాదా?"

మా అత్త పొట్ట మీద చీర పక్కకు జరిపింది. నా మాట మీద అంత నమ్మకం ఆమెకు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ చీర జరిపిన చెయ్యే కనిపిస్తోంది.

గంట తరువాత కొట్లో ఉండగా మా ఆయన కేక విని పరుగెత్తాను. మా అత్త ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, మాట ముద్దగా వస్తోంది. చక్కెర నీళ్ళు పడితే మింగగలిగింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సెలైన్ ఎక్కిస్తున్న నర్సు "డోసు ఎంత ఇచ్చినారు?" అని అడిగింది. ఆ రోజు మొదటిసారి నా నోట మొదటి మాటే నిజం వచ్చింది. "రెండుసార్లు వేసినా."

మధ్యాహ్నానికి మా అత్త తేరుకుని, వచ్చినందుకు ఇక్కడైనా చక్కెర వేసిన కాఫీ ఇస్తారా అని అడిగింది. మా ఆయన నవ్వలేదు. సాయంత్రం ఇంటికి రాగానే సూదుల డబ్బా తీసి తన పక్క అల్మరాలో పెట్టాడు.

"ఇంక నువ్వు దీన్ని ముట్టుకోబాకు."

"రేపు ఎవురు ఏస్తారు?"

"నేను నేర్చుకుంటా."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేదాన్ని, ఇద్దరం ఎక్కడో ఒక చోట సర్దుకునేవాళ్ళం. ఆ రాత్రి మాత్రల డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టి, ఎలా కొన్నానో చెప్పాను. పన్నెండు శాతం తగ్గింపు సంగతి కూడా చెప్పాను. ఆయన డబ్బా మూత తెరిచి, మూసి, "అది గూడా గొప్పగానే చెబుతుండావే నువ్వు" అన్నాడు.

మరునాడు క్యాలెండరు, డబ్బా రెండూ సంచిలో పెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె క్యాలెండరు తిరగేసి చూసింది.

"ఇదేం రాతమ్మా?"

"మా నాన్న కొట్టు రాత. అసలు ధరలు."

ఒక్కో గుర్తు చెబుతుంటే ఆమె పక్కన అంకెలు వేసుకుంది. మా పుట్టింటి వాళ్ళు కాక ఆ గుర్తులు తెలిసిన మొదటి మనిషి ఆమే. మా ఆయనకు కూడా నేను ఎప్పుడూ చెప్పలేదు. చివరిదాకా చూసి పెన్ను కింద పెట్టింది.

"నేను మీరు చెప్పిన దాన్ని బట్టి తగ్గించాను. మీరు ముందే తగ్గించి తెచ్చారు. దాని మీద మాత్ర మత్తు. మీరు ఫోన్ చెయ్యాల్సింది. మాత్రల గురించి నేను కూడా ఇంకో రెండుసార్లు అడగాల్సింది."

ఆమె తప్పు ఏమీ లేదు. అయినా తన వంతు తాను తీసుకుంది. అక్కడ నాకు తల వంగింది.

కొత్త లెక్క మొదలైంది. పదకొండుకు పడక, ఐదుకు లేవడం. మాత్రలు ఒక్కసారి ఆపితే ప్రమాదమట, అందుకని ఆమె చూపిన పద్ధతిలో రెండు మూడు వారాలకొకసారి పావు చొప్పున తగ్గించాం. బిళ్ళను చాకుతో కోసేది మా ఆయన. బంగారం తూచినట్టు కోసేవాడు. పడుకుని ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి వచ్చి ముందు గదిలో కూర్చోవాలి. మొదటి మూడు వారాలు నరకం. పదకొండు దాకా మేలుకుని ఉండటమే పెద్ద యుద్ధం. మా అత్తే నన్ను మేలుకొలిపేది. తన పెళ్ళిలో ఎవరు ఏం తిన్నారో, ఎవరు అలిగారో మొదటి నుంచి చెప్పేది. కళ్ళు మూతపడితే చేతికర్రతో పాదం మీద పొడిచేది. తనను చంపబోయిన కోడలికి కాపలా కాయడం ఆమెకు సరదాగా ఉన్నట్టుంది.

నాలుగో వారంలో ఒక రోజు పడుకున్నాక ఏరేటర్ల చప్పుడు వినిపించింది. తరువాత ఏమైందో తెలియదు, అలారం మోగింది. మధ్యలో ఏమీ లేదు. మంచం మీద కూర్చుని ఆ ఏమీ లేనిదాన్ని చాలాసేపు తలుచుకున్నాను. ఆ తరువాత పావుగంట పెంచింది డాక్టరమ్మ. అరగంట అడిగాను. ఇవ్వలేదు.

మాత్ర పూర్తిగా మానడానికి మూడు నెలలు పట్టింది. సూది మాత్రం తిరిగి రాలేదు. మా ఆయన రోజూ వేసేవాడు, మా అత్త రోజూ తిట్టేది. "గునపం దించినట్టు దించుతాడు, వాడి చెయ్యి పడిపోను." ఒక రోజు ఆమే తగువు తెంచింది.

"దాని చేతికియ్యి నాయనా."

"మళ్ళా మర్చిపోతే?"

"నేనడుగుతాగా. రాత్రి ఎంతసేపు నిద్రపోయినావమ్మే అని. ఐదు పైన అయితే అది ఏస్తది. లేకపోతే నువ్వే పొడువు."

అప్పటి నుంచి ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉంది. సూది వేసిన వాళ్ళు వెంటనే అక్కడ టిక్కు పెట్టాలి. దాని పక్కన నా నిద్ర, మామూలు అంకెల్లో. పొద్దున మా అత్త అడిగినప్పుడు ఎవరూ తనిఖీ చెయ్యరు. చెయ్యలేరు కూడా. నేను ఏ అంకె చెబితే అదే ఖాయం. ఇంత సులువైన బేరం నా జన్మలో దొరకలేదు, ఇంత కష్టమైనదీ దొరకలేదు.

మొత్తం వేసి చూసుకుంటే ఇంతయింది. నిద్ర లేని మూడేళ్ళు. మిగిలిన మాత్రలు డాక్టరమ్మ దగ్గర వదిలేశాను. మా అత్త ఆసుపత్రిలో గడిపిన ఒక పగలు, దాన్ని ఏ వైపు వేసినా కొట్టివేత లేదు. అప్పటి నుంచి ఆమె పెన్ను తిప్పేటప్పుడు వచ్చే క్లిక్కులు లెక్కపెట్టుకున్నాకే పొట్ట చూపిస్తుంది. జమ వైపు, వారంలో నాలుగైదు రాత్రులు ఆరు గంటలు. మిగతా రాత్రులు పాతవే, ముందు గదిలో కుర్చీ మీద. నయమైందని చెప్పను. మందు దొరికిందని మాత్రం చెబుతాను.

ఈ పొద్దున ఆమె అడిగింది. ఆరు అనాలని నోటిదాకా వచ్చింది.

"నాలుగున్నరత్తా" అన్నాను. సూది మా ఆయన వేశాడు.